మూడో అంతస్తు తలుపు

ఆపరేషనైన మోకాలితో మా అక్క నాలుగంతస్తుల మెట్లెక్కుతోంది. పక్కనే లిఫ్ట్ ఖాళీగా, లైటు వెలుగుతూ నిలబడి ఉంది. ఈ కథలో నేను మొదట చూసింది అదే.

నేను చెప్పుల షాపులో పనిచేస్తాను. మనిషి మొహం కన్నా ముందు కాళ్ళు చూడటం అలవాటైపోయింది. అక్క కుడికాలు పైమెట్టు మీద పెట్టి, ఎడమకాలిని దాని పక్కకి లాక్కుంటోంది. ఒక చేతిలో కూరల సంచి, రెండో చెయ్యి గోడ మీద.

"లిఫ్ట్‌కేమైంది?" అన్నాను.

"ఏం కాలేదు. డాక్టరు నడవమన్నాడు."

"నడవమంటే నేల మీద నడవమని. కొండలెక్కమని కాదు."

"నీకెందుకురా. ముందు సంచి అందుకో," అంది.

అందుకున్నాను. కాసేపటికి మా బావ కూడా పనిముట్ల సంచి భుజాన వేసుకుని, రొప్పుతూ మెట్ల మీదుగానే వచ్చాడు. మా బావ లిఫ్ట్ మెకానిక్. ఆ బిల్డింగు లిఫ్ట్‌ని చూసుకునేది కూడా ఆయనే. తను వండింది తను తినని వంటవాణ్ణి చూస్తే ఎలా ఉంటుందో, నాకు అలా అనిపించింది.

బావ గురించి కొంచెం చెప్పాలి. చదువు మధ్యలో ఆపేసి, ఒక ముసలి మెకానిక్ వెనక సంచి మోస్తూ ఈ పనిలోకొచ్చాడు. చేతికి గ్రీజు ఉంటుందని ఏ బటన్నూ వేలితో నొక్కడు, వేలి కణుపుతో నొక్కుతాడు. ఇంట్లో ఫ్యాను స్విచ్ కూడా అంతే. ఏ బిల్డింగులోకి అడుగుపెట్టినా ముందు తల ఒక పక్కకి వంచి వింటాడు. పెళ్ళిచూపులకి మా ఇంటికొచ్చినప్పుడు కూడా అలాగే వంచితే, కుర్రాడికి చెముడేమోనని మా నాన్న కంగారుపడ్డాడు. ఆ మాట మీద మేం ఇప్పటికీ ఆటపట్టిస్తాం. నోట్లో నాలుక లేని మనిషి. పనిలో మాత్రం మొండివాడు. తాడులో ఒక్క పోగు తెగినా లిఫ్ట్ ఆపేసి తాళం జేబులో వేసుకుపోయేవాడు. ఎవరెంత అరిచినా "ఆగింది లిఫ్టే కదండీ, మీరు కాదుగా" అనేవాడు.

అలాంటివాణ్ణి ఒక అప్పు మార్చేసింది.

అక్క పనిచేసే చోట తడినేల మీద జారిపడి మోకాలు చితికింది. ఆపరేషన్ వెంటనే చేయకపోతే కాలు ఈడ్చుకుంటూ బతకాల్సిందేనన్నారు. బావకి రెండు దారులున్నాయి. ఒకటి లిఫ్ట్ పనివాళ్ళ సొసైటీ. అక్కడ వడ్డీ ఎంతో, నెలకెంత కట్టాలో, ఎప్పటికి తీరుతుందో అన్నీ ముందే రాసిస్తారు. కాకపోతే ఇద్దరు హామీ ఉండాలి, కమిటీ కూర్చోవాలి, వాళ్ళు కూర్చునేదాకా మనం నిలబడాలి. ఒక హామీ నేనుంటానని జీతం కాగితాలు కూడా ఇచ్చాను.

రెండో దారి మామయ్య.

మామయ్యంటే మాకేమీ కాడు, ఆ బిల్డింగు ఓనరు. అయిదో అంతస్తులో ఉంటాడు. అద్దెకున్న మగవాళ్ళందరినీ అల్లుడూ అంటాడు, ఆడవాళ్ళని అమ్మాయీ అంటాడు. దాంతో అందరికీ ఆయన మామయ్య అయిపోయాడు. మెత్తగా మాట్లాడతాడు. ఆయన గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు, పెరిగి ఉంటే బాగుండేది. అక్క సంగతి తెలిసి ఆ సాయంత్రమే కిందికి దిగొచ్చాడు. కవరు బల్ల మీద పెట్టాడు.

"మనలో మనకి కాగితాలేంటి అల్లుడూ. వడ్డీ అంటే నాకు కోపమొస్తుంది. నీకు వీలైనప్పుడివ్వు. ముందు అమ్మాయి మోకాలు చూడు."

బావకి నెత్తిన పాలు పోసినట్టయింది. నా జీతం కాగితాలు నాకు తిరిగిచ్చేశాడు. నేను ఒంటికాలి మీద లేచాను. లెక్కలేని అప్పు తీరదు బావా, రాయించుకో అన్నాను. "అంత మంచి మనిషిని కాగితం అడగడానికి మొహం చెల్లదురా" అన్నాడు. ఆపరేషన్ బాగా జరిగింది. అక్క నిలబడింది, నడిచింది. నేను నోరు మూసుకున్నాను.

బావ మొదటి నెల డబ్బు పట్టుకుని పైకెళ్తే మామయ్య తీసుకోలేదు. "తొందరేముంది? ఈలోగా మన లిఫ్ట్ సంగతి నువ్వు చూసుకో, అదే పదివేలు" అన్నాడు. అప్పటిదాకా లిఫ్ట్ బాగోగులు చూసే కంపెనీని మాన్పించేశాడు. లిఫ్ట్‌లో వేలాడే కార్డు మీద, కంపెనీవాళ్ళు సంతకం పెట్టే చోట, బావ పెట్టడం మొదలెట్టాడు. రెండో నెలా తీసుకోలేదు. చేసిన పనికి ఎంత తగ్గిందో, ఇంకా ఎంత ఉందో అడిగితే నవ్వి, టీ ఇచ్చి పంపేవాడు.

ఇంతలో మూడో అంతస్తు తలుపు లాక్ అరిగిపోయింది.

ఇది కొంచెం తెలియాలి. అది పాతకాలం లిఫ్ట్. ప్రతి అంతస్తులోనూ చేత్తో లాగే ఇనప తలుపు. లిఫ్ట్ ఆ అంతస్తులో లేనప్పుడు లాక్ తలుపుని పట్టుకుని ఉంచుతుంది, ఎవరు లాగినా రాదు. తలుపు సరిగ్గా పడకపోతే లిఫ్ట్ అసలు కదలదు. లోపలి మడత తలుపు పాడైతే మామయ్య ఎప్పుడో పీకించేశాడు. బయటి తలుపులకున్న చిన్న అద్దాలు పగిలితే రేకు కొట్టించాడు. ఇక మిగిలింది ఆ లాకొక్కటే. అది పోయింది, లిఫ్ట్ ఆగింది. కొత్త లాక్ తెప్పించాలని బావ చెప్పాడు.

"తెప్పిద్దాం. ఈ పూటకి నడిపించు అల్లుడూ, పైన ముసలివాళ్ళున్నారు."

కొత్తది వచ్చేదాకా లిఫ్ట్‌ని ఒక పూట ఆపెయ్యడం బావకి కొత్త కాదు. "ఆగింది లిఫ్టే కదండీ" అన్న మాట బావ నోట రావాల్సింది. రాలేదు. జానెడు వైరు ముక్క తీసుకుని, పైన మిషను గదిలో ఆ లాక్ తీగల్ని నేరుగా కలిపేశాడు. ఇక తలుపు పడినా పడకపోయినా లిఫ్ట్ తిరుగుతుంది. లిఫ్ట్ ఎక్కడున్నా మూడో అంతస్తు తలుపు లాగితే తెరుచుకుంటుంది. లోపల మడత తలుపు లేదు కాబట్టి ఎక్కినవాళ్ళకీ ప్రమాదమే.

ఆ పూట దాటింది, నెల దాటింది. బావ లాక్ మాట ఎత్తినప్పుడల్లా మామయ్య కాదనడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ప్రేమగా, "అమ్మాయి మోకాలు ఎలా ఉంది?" అంటాడు. బావ బాగుందండీ అని మెట్లు దిగి వచ్చేసేవాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలిసిన రోజు చెప్తాను.

మూడో అంతస్తులో ఇస్త్రీ అక్క ఉంటుంది. హోటళ్ళ దుప్పట్లు, షాపుల యూనిఫారాలు ఇస్త్రీ చేస్తుంది. నాలుగు చక్రాల ఇనప బండి నిండా బట్టలు పేర్చి లిఫ్ట్‌లో కిందికి తీసుకెళ్తుంది. ఆ బండి ముందు చక్రం ఒకటి బిగుసుకుపోయింది, తోస్తే కదలదు, లాగాల్సిందే. అందుకని ఆవిడ ఎడంచేత్తో లిఫ్ట్ తలుపు తీసి, నడుముతో ఆనించి పట్టుకుని, రెండు చేతులా బండి లాక్కుంటూ వెనక్కి నడిచి లిఫ్ట్‌లోకి వెళ్తుంది. వెనక్కి తిరిగి చూడదు. ఎందుకు చూస్తుంది? తలుపు తెరుచుకుందంటే లిఫ్ట్ ఉన్నట్టే. ఆ బిల్డింగులో పుట్టిన పిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

ఆ ఆదివారం నేనూ బావా మెట్లు దిగుతున్నాం. ఇస్త్రీ అక్క మా వైపు చూడకుండా, బండి లాక్కుంటూ తలుపులోకి అడుగేస్తోంది. బావ నన్ను తోసుకుని దూకాడు. లిఫ్ట్ అక్కడే ఉంది. ఆవిడ లోపలికెళ్ళి, బావని చూసి "ఏం తమ్ముడూ, నువ్వూ వస్తావా" అంది. బావ రెయిలింగు పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు.

వంటింట్లో, అక్క ముందు, మొత్తం కక్కించాను. అంతా విని అక్క పొయ్యి కట్టేసింది.

"నన్ను మెట్లెక్కమన్నావు. డాక్టరు చెప్పాడని తమ్ముడితో కూడా చెప్పమన్నావు. మరి ఆవిడకేం చెప్పావు?"

బావ గోళ్ళలోని గ్రీజు గీక్కోసాగాడు.

"నా మోకాలు బాగుచేయించడానికి అప్పు తెచ్చావు. ఆ అప్పు కోసం నన్ను అదే మోకాలితో మెట్లెక్కిస్తున్నావు. సరే, ఎక్కుతా. కింద ఇంకో ఆడమనిషి పడిపోతుంటే నేను ఎక్కడం ఎందుకు?"

"వైరు పీకేస్తే లిఫ్ట్ ఆగుతుంది. ఆగిన రోజు ఆయన డబ్బు మొత్తం అడుగుతాడు. నా దగ్గరేముంది?"

"సొసైటీకెళ్ళు. రేపే వెళ్ళు. వాళ్ళిచ్చేదాకా ఆ తలుపు నేను చూసుకుంటా."

ఎలా చూసుకుంటుందా అనుకున్నాను. మర్నాటినుంచి మా అక్క ఒక స్టూలు పట్టుకెళ్ళి మూడో అంతస్తులో లిఫ్ట్ తలుపు పక్కన కూర్చుంది. కూరలు అక్కడే తరిగేది, చిరిగిన బట్టలు అక్కడే కుట్టేది. పైన ఉక్కపోతగా ఉందనేది అడిగినవాళ్ళతో. ఇస్త్రీ అక్క బండి చప్పుడు వినపడగానే లేచి, తలుపు తనే తీసి, లోపల చూసి, అప్పుడు దారిచ్చేది. "నీకెంత ఓపికమ్మా" అని ఆవిడ మురిసిపోయేది. అసలు సంగతి చెప్పెయ్యమని నేను పోరాను. "చెప్తే బిల్డింగంతా పాకుతుంది. డబ్బు రానివ్వు" అంది అక్క. ఒకసారి తలుపు తీసేసరికి లోపల లిఫ్ట్ లేదు. తాళ్ళు రెండు నల్లగా కదులుతున్నాయి. అక్క చప్పుడు చేయకుండా తలుపు మూసి, "పైకెళ్ళింది వదినా, కాసేపాగు" అందట. ఆ సంగతి నాకు ఫోన్లో రెండుసార్లు చెప్పింది.

బావ మళ్ళీ నా జీతం కాగితాలు తీసుకున్నాడు. కమిటీ ఎప్పటికో కూర్చుంది. డబ్బు బావ బ్యాంకు ఖాతాలో పడింది. ఆ రోజు సాయంత్రం ఇద్దరం చెక్కు పట్టుకుని అయిదో అంతస్తుకెళ్ళాం.

మామయ్య చెక్కు చూశాడు. ముట్టుకోలేదు.

"ఏంటిది అల్లుడూ?"

"మీ బాకీ అండీ. మొత్తం."

"బాకీయా? నేను నీకు అప్పెప్పుడిచ్చాను? సొంత మనిషి కష్టంలో ఉంటే చూశాను. అది అప్పంటే నాకు బాధేస్తుంది. కాగితమేమైనా రాసుకున్నామా?"

"లేదండీ. అందుకే…"

"మరి లేని బాకీ ఎలా తీసుకోను?"

"అయినా సరే, తీసుకోండి. లిఫ్ట్ ఇక నేను చూడలేను. ఆ లాక్ మార్చకుండా నడపకూడదు. మీరు నడపమంటేనే నడిపాను."

"నేనన్నానా? నాకు లాకులు, వైర్లు ఏం తెలుసు అల్లుడూ." కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కార్డు మీద నెలనెలా అంతా బాగుందని సంతకం పెట్టింది నువ్వు కదా."

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. నా చేతులు ఊరుకోనంటున్నాయి. బావ నా మణికట్టు పట్టుకుని, చెక్కు బల్ల మీద పెట్టి, నన్ను బయటికి లాక్కొచ్చాడు. నేరుగా మిషను గదికెళ్ళి వైరు ముక్క పీకేశాడు. లిఫ్ట్ ఎక్కడో మధ్యలో ఆగింది. లోపలెవరూ లేరని ముందే చూసుకున్నాడు. బావ మూడో అంతస్తు తలుపుకి తాడు కట్టాక అక్క స్టూలు పట్టుకుని పైకొచ్చింది. ఆ పూట ముగ్గురం కడుపునిండా తిన్నాం. బావ చాలా కాలానికి పెళ్ళిచూపుల చెముడు కథ తనే చెప్పాడు.

పొద్దున చూస్తే చెక్కు తలుపు కింద నుంచి లోపలికి తోసి ఉంది. మడత కూడా పడలేదు.

బావ దాన్ని చేతిలో పట్టుకుని ఇంకా చూస్తుండగానే పైన మిషను గది తలుపు చప్పుడైంది. ఇద్దరం పరిగెత్తాం. బావకి తెలిసిన మెకానికే, నాలుగు వీధుల అవతల ఉంటాడు. బావ కట్టిన తాడు విప్పి పక్కన పడేసి, కంట్రోలు పెట్టె ముందు కూర్చుని స్క్రూలు విప్పుతున్నాడు.

"అన్నా, మూడో అంతస్తు లాక్ లేదు. అది మార్చకుండా కలపొద్దు," అన్నాడు బావ.

"తెలుసు. మామయ్య చెప్పాడు. వచ్చే నెల తెప్పిస్తాడట."

"వచ్చే నెల రాదన్నా. నన్ను చూడు."

అతను తలెత్తలేదు. "నా కూతురి కాలేజీ ఫీజు ఆయనే కట్టాడు. కాగితం కూడా అడగలేదు," అన్నాడు. చొక్కా జేబులోంచి వైరు ముక్క తీశాడు. బావ చెయ్యి పట్టుకోబోతే మెల్లిగా విడిపించుకున్నాడు. మిషను గిర్రుమంది.

బావ కిందికొచ్చి చొక్కా మార్చుకున్నాడు. లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసుకి వెళ్తానన్నాడు.

"మొదట నిన్నే పట్టుకుంటారు బావా. సంతకాలన్నీ నీవే."

"పట్టుకోనీ," అన్నాడు. వెళ్ళిపోయాడు.

అక్క స్టూలు అందుకుంది. కుడికాలు దించి, ఎడమకాలు దాని పక్కకి దించుతూ మెట్లు దిగుతోంది. సగం దిగిందో లేదో, కింద ఆ బిగుసుకున్న చక్రం నేల మీద గీసుకునే చప్పుడు వినపడింది. అక్క నా వైపు తిరిగి చూసింది. తను సమయానికి దిగలేదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నేను ఆమెని దాటి దూకాను. ఎన్ని మెట్లు వదిలేశానో తెలియదు.

ఇస్త్రీ అక్క నడుము తలుపుకి ఆనించి ఉంది. ఒక కాలు వెనక్కి లేచింది. నేను ఆవిడ భుజాలు పట్టుకుని బండి మీదికి లాగేశాను. దుప్పట్లన్నీ కింద పడ్డాయి.

"ఏంటి తమ్ముడూ, పిచ్చా నీకు? పొద్దున్నించీ చేసిన ఇస్త్రీ…"

నేను పక్కకి జరిగాను. ఆవిడ తలుపులోంచి లోపలికి చూసింది. తాళ్ళు కదులుతున్నాయి. కింద నుంచి చల్లటి గాలి, గ్రీజు వాసన వస్తున్నాయి. ఆవిడ అక్కడే నేల మీద, దుప్పట్ల మధ్య కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు. అక్క వచ్చి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. మొదట్నుంచీ అంతా అప్పుడు చెప్పింది. చివరిదాకా విని, ఆవిడ తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆఫీసువాళ్ళు వచ్చి లిఫ్ట్‌కి సీలు వేశారు. బావ లైసెన్సు తీసేసుకున్నారు. మామయ్యకి ఏమీ కాలేదు. ఆయన ఏదీ రాసివ్వలేదుగా. బావ ఇప్పుడు మోటార్లకి తీగ చుట్టే షాపులో కూర్చుంటున్నాడు. వచ్చేదాంట్లో సగం సొసైటీ వాయిదాకి పోతుంది. ఖాతాలో ఉన్న డబ్బుతో ఆ అప్పు తీర్చెయ్యమని నేను అరుస్తాను. "అది నాది కాదురా, ఎప్పటికైనా ఆయన తీసుకోవాల్సిందే" అంటాడు. ఎవరూ తీసుకోని డబ్బుకి వడ్డీ కట్టే మనిషిని నేను మా బావనొక్కణ్ణే చూశాను. కాకపోతే సొసైటీ కాగితం మీద అప్పు తీరే చివరి నెల ఏదో రాసి ఉంది. ఆ కాగితాన్ని అక్క అద్దం అంచున దోపింది. రోజూ తల దువ్వుకుంటూ చూసుకుంటుంది.

ఇల్లు మారారు. నేలమీది ఇల్లే, మెట్లు లేవు. మొన్న ఆదివారం నేనక్కడే ఉన్నాను. ఎవరో తలుపు తట్టారు. అక్క తీసింది.

చేతిలో పళ్ళ సంచితో మామయ్య.

"అమ్మాయి మోకాలు ఎలా ఉందో చూసిపోదామని వచ్చాను."

ఎవరూ రమ్మనకుండానే లోపలికొచ్చాడు. ఆ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గది నాలుగు మూలలూ చూశాడు. బావ లోపలికెళ్ళి చెక్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మామయ్య దాని మీద పళ్ళ సంచి పెట్టాడు.

"నీలాంటి పనివాడు తీగలు చుట్టుకుంటూ కూర్చోవడం చూడలేకపోతున్నాను అల్లుడూ. ఆఫీసులో మనవాళ్ళున్నారు. ఒక మాట చెప్తే లైసెన్సు వారంలో ఇంటికొస్తుంది. కాగితాలూ గట్రా ఏం అక్కర్లేదు."

నేను బావ వైపు చూశాను. వద్దంటాడనుకున్నాను. బావ తన చేతుల వంక చూసుకుంటున్నాడు. గ్రీజు పోయి, తీగలు కోసిన గీతలు పడ్డాయి వాటి మీద. తల కొంచెం పక్కకి వంచాడు, మిషను చప్పుడు వినేటప్పుడు వంచినట్టే.  నాకు భయమేసింది.

అక్క సంచి కింద నుంచి చెక్కు లాగింది. సంచీ, చెక్కూ రెండూ మామయ్య ఒళ్ళో పెట్టింది. తర్వాత నడిచి వెళ్ళి, వీధి తలుపు బార్లా తీసి, రెక్క పట్టుకుని పక్కన నిలబడింది.

"చూసి వెళ్ళండి మామయ్యా. గుమ్మం ఎత్తుగా ఉంటుంది," అంది.

మామయ్య నవ్వాడు. లేవలేదు. బావ వైపే చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు.